లాంగ్ రన్‌లో తిండి, నీళ్ళు: పొట్టకి ట్రైనింగ్ ఎలా ఇవ్వాలి?

మారథాన్ కోసం నెలల తరబడి కాళ్ళకి ట్రైనింగ్ ఇస్తారు, పొట్టకి మాత్రం ఇవ్వరు. ఆదివారం తెల్లవారుజామున మన విశాఖ బీచ్ రోడ్డు మీద చూడండి, చాలామంది చేతిలో మంచినీళ్ళ సీసా తప్ప ఇంకేమీ ఉండదు. రుషికొండ దాకా హుషారుగానే వెళ్తారు, తిరిగొచ్చేటప్పుడు సాగర్ నగర్ దగ్గర కాళ్ళీడుస్తూ ఉక్కపోతని తిట్టుకుంటారు. ఉక్కపోత నిజమే కానీ, అసలు లోటు తిండిది.

ముందు లెక్క చూసుకోండి. పరుగులో కిలో బరువుకి, కిలోమీటరుకి సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. 60 కిలోల మనిషికి పూర్తి మారథాన్, అంటే 42 కిలోమీటర్లకి, సుమారు 2500 కేలరీలు. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ (ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం) మొత్తం కలిపినా 500 గ్రాములు, అంటే 2000 కేలరీల దగ్గర ఆగిపోతుంది. ఒంట్లో కొవ్వు బోలెడంత ఉన్నా అది నిదానంగా కరుగుతుంది, రేసు వేగానికి చాలదు. 30 కిలోమీటర్లు దాటాక ఒక్కసారిగా చతికిలబడేది అందుకే.

రోజూ తినేది. రోజుకి గంట, గంటన్నర గట్టిగా పరిగెత్తేవాళ్ళకి కిలో బరువుకి 6 నుంచి 8 గ్రాముల పిండిపదార్థం, 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రోటీన్ కావాలి. వండిన అన్నం 100 గ్రాముల్లో ఉండేది 28 గ్రాముల పిండిపదార్థమే, కాబట్టి అన్నం మానేస్తే పరుగు బాగుపడుతుందని ఎవరు చెప్పినా వినకండి. అన్నం, గుడ్లు, చేపలు, పెరుగు, చోడి (రాగి) అంబలి, ఇవి చాలు.

ముందు రోజు, ఆ పొద్దున. ముందు రోజు రాత్రి బిర్యానీ వద్దు, నూనె, మసాలా పొద్దున్న దాకా కడుపులోనే ఉంటాయి. అన్నం, పెరుగు, కొంచెం ఆవకాయ, అంతే. పూర్తి మారథాన్ అయితే చివరి రెండు రోజులూ రోజుకి కిలోకి 10 గ్రాముల లెక్కన పిండిపదార్థం పెంచి, పప్పు, ఆకుకూరలు తగ్గించండి. పరుగుకి రెండు గంటల ముందు ఐదు ఇడ్లీలు పంచదారతో, ఒక అరటిపండు. సాంబారు వద్దు, చట్నీ అసలే వద్దు. పొద్దున్నే మూడింటికి లేవడం కష్టమే, అయినా లేవాలి.

పరుగులో. అందరూ పాడుచేసుకునేది ఇక్కడే, నెమ్మదిగా చదవండి.

గంటన్నర దాటే ప్రతి పరుగులోనూ గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్ళాలి. ఆకలేసేదాకా ఆగకూడదు, మొదటి అరగంటకే మొదలుపెట్టాలి. కానీ మొదటి ఆదివారమే 60 గ్రాములు తాగేసి, జోడుగుళ్ళపాలెం దగ్గర కడుపు పట్టుకుని కూర్చుని, ఇది నాకు పడదని తేల్చేసుకునేవాళ్ళు ఎంతమందో. పడకపోవడం కాదండీ, అలవాటు లేకపోవడం. పరిగెత్తేటప్పుడు రక్తం కాళ్ళకి, మన వేడికి చర్మానికి వెళ్ళిపోతుంది, పేగులకి మిగిలేది తక్కువ. అందుకే 30తో మొదలుపెట్టి, రెండు వారాలకోసారి పది గ్రాములు పెంచండి. పేగులు కూడా నేర్చుకుంటాయి, కాకపోతే టైమివ్వాలి.

డ్రింక్ ఇంట్లోనే కలుపుకోండి: అర లీటరు నీళ్ళలో 30 గ్రాముల పంచదార, రెండు చిటికెల ఉప్పు, అర నిమ్మకాయ. పంచదారని చెంచాతో కాదు, కాటాలో తూచండి, ఎందుకంటే ఇంకాస్త తియ్యగా ఉంటే బాగుండునని రెట్టింపు వేస్తే ఆ నీళ్ళు కడుపులోంచి కదలవు, గడగడలాడుతూ అక్కడే ఉంటాయి. పంచదార సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్, పేగుల్లో రెండిటికీ దారులు వేరు, కాబట్టి ఉత్త గ్లూకోజ్ పొడి కంటే ఇదే మేలు. గంటకి ఒక సీసా, ఒక చక్రకేళి, 50 గ్రాములు దాటిపోతుంది. జెల్ (చిన్న ప్యాకెట్లో వచ్చే చిక్కటి తీపి పాకం) కావాలంటే వాడండి, కానీ దాని మీద మంచినీళ్ళే తాగాలి, తియ్యటి డ్రింక్ కాదు. కొబ్బరిబోండంలో పొటాషియం ఉంది గానీ చెమటలో పోయే సోడియం తక్కువ. ఓఆర్ఎస్‌లో ఉప్పు సరిపడా ఉన్నా లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే, దాంతో శక్తి రాదు.

ఎంత తాగాలో పక్కవాడిని చూసి కాదు, కాటా చూసి నిర్ణయించండి. గంట పరుగుకి ముందు బరువు చూసుకోండి, తర్వాత చెమట తుడుచుకుని, తడి బట్టలు తీసేసి మళ్ళీ చూసుకోండి. కిలో తగ్గి, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగి ఉంటే మీ చెమట గంటకి 1.3 లీటర్లు. అదంతా తిరిగి పోసుకోనక్కర్లేదు, బరువులో రెండు శాతం దాకా తగ్గినా ఫర్వాలేదు. పరుగు తర్వాత బరువు పెరిగిందంటే మాత్రం ప్రమాదం: నీళ్ళు ఎక్కువై రక్తంలో సోడియం పడిపోతుంది, తలనొప్పి, వాంతులు, అయోమయం వస్తాయి, ప్రాణం మీదకి కూడా వస్తుంది. డీహైడ్రేషన్ అనుకుని అలాంటివాళ్ళకి ఇంకా నీళ్ళు పట్టించకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. షుగరు, బీపీ ఉన్నవాళ్ళు ఈ డ్రింక్ సంగతి ముందు తమ డాక్టర్‌తో మాట్లాడాలి.

రేసు రోజు స్టాల్‌లో ఏది ఫ్రీగా ఇచ్చినా, అప్పటిదాకా తాగి చూడనిది ముట్టుకోవద్దు.

తర్వాత. గంటలోపు పెరుగన్నం, మూడు గుడ్లు. మధ్యాహ్నం మామూలు భోజనం, కడుపునిండా.

బరువు తగ్గితే స్పీడు పెరుగుతుందని కడుపు మాడ్చుకునే పిల్లలు గ్రౌండ్‌లో కనిపిస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. పరుగుకి ఖర్చయ్యాక ఒంటికి మిగిలే శక్తి చాలకపోతే ఎముకలు బలహీనపడతాయి, గాయాలు మానవు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఈ సమస్యకి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది, ఆడా మగా ఇద్దరికీ వస్తుంది. నెలసరి ఆగిపోయినా, ఎముక నొప్పి పదే పదే వస్తున్నా అది ట్రైనింగ్‌లో మామూలే అని కోచ్ చెప్పినా సరే నమ్మకండి. కిలోమీటర్లు తగ్గించి, తిండి పెంచి, డాక్టర్‌కి చూపించుకోండి.