రైటింగ్ రిట్రీట్‌కి (రాసుకోవడం కోసమే కొన్ని రోజులు వేరే చోట ఉండటానికి) వెళ్లే పీహెచ్‌డీ విద్యార్థులకు జాగ్రత్తలు

- డేటా విశ్లేషణ పూర్తి కాని అధ్యాయం పట్టుకెళ్లకండి. ఉన్న మూడు రోజులూ లెక్కలు చూసుకోవడంలోనే పోతాయి, ఒక్క పేజీ కదలదు. మొదటిసారి నాకు అలాగే జరిగింది, ఇప్పటికీ తలచుకుంటే బాధగా ఉంటుంది.

- "థీసిస్ రాస్తాను" అనుకోకండి. ఏ అధ్యాయంలో ఏ సెక్షనో కాగితం మీద పెట్టుకోండి.

- పీడీఎఫ్‌లన్నీ ముందే ల్యాప్‌టాప్‌లోకి దించుకోండి. యూనివర్సిటీ నెట్‌వర్క్ దాటితే చాలా జర్నల్స్ తెరుచుకోవు.

- ఎవరి వాక్యమైనా ఎత్తి రాసుకుంటే పేజీ నంబరు అప్పుడే వేయండి. వేగంగా రాసేటప్పుడు అది మన వాక్యంలో కలిసిపోతుంది. యూజీసీ 2018 నిబంధనల్లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే శిక్ష ఉంది.

- గైడ్‌కి తేదీలు చెప్పి వెళ్లండి, మధ్యలో ఫోన్ల టెన్షన్ ఉండదు.

- రోజూ రాత్రి పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ.