ఆఫ్రికాలో ప్లెయిన్స్ గేమ్ వేటకు రైఫిల్ క్యాలిబర్ ఎలా ఎంచుకోవాలి?

నమీబియాకో దక్షిణాఫ్రికాకో వేటకు బయల్దేరుతున్నవాళ్లు నన్ను మొదట అడిగేది "ఏ రైఫిల్ తీసుకెళ్లమంటారు?" అనే. ఏ జంతువు కోసం వెళ్తున్నారు, మీరు ఇప్పుడు వాడుతున్న రైఫిల్‌తో ఎలా కాలుస్తారు అని నేను తిరిగి అడుగుతాను. ఈ రెండూ తెలిస్తే క్యాలిబర్ దాదాపు తేలిపోయినట్టే.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఇలాంటి వేటకు చోటు లేదు. నేను రాస్తున్నది ఆ రెండు దేశాల్లో పర్మిట్ తీసుకుని, లైసెన్సున్న ప్రొఫెషనల్ హంటర్ వెంట చేసే వేట గురించి. ఆయన్ని అక్కడ అందరూ పీహెచ్ అంటారు. అమెరికాలో ఉంటూ రైఫిల్ వాడకం అలవాటైన మనవాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఇంకో మాట: ఇందులో తూటా అంటే ఇత్తడి గొట్టంతో సహా మొత్తం, బుల్లెట్ అంటే దూసుకెళ్లి జంతువుకు తగిలే ముక్క. క్యాలిబర్ అంటే రైఫిల్‌కు సరిపోయే తూటా రకం, .30-06, .243 లాంటివి వాటి పేర్లు.

1. మీరు వేటాడబోయే జాబితాలో అన్నిటికంటే పెద్ద జంతువు ఏది?

ప్లెయిన్స్ గేమ్ అంటే బయళ్లలో తిరిగే జింక జాతులు, జీబ్రా లాంటివి. ఈ ఒక్క మాట కింద చాలా జంతువులు వస్తాయి. స్ప్రింగ్‌బాక్ 35-40 కిలోలు, మన మేకపోతంత. మగ ఇంపాలా 60 కిలోలు తూగుతుంది. కుడు, జెమ్స్‌బాక్, బ్లూ వైల్డ్‌బీస్ట్ మగవి 200 నుంచి 270 కిలోల దాకా ఉంటాయి. మనుబోతును చూసినవాళ్లకు ఆ సైజు వెంటనే అర్థమవుతుంది. జీబ్రా 300 కిలోలు. ఎలాండ్ సంగతి వేరు, పెద్ద మగది 700 కిలోలు దాటుతుంది. ఒంగోలు గిత్త పక్కన నిలబెట్టినా తీసిపోదు.

జాబితాలో పెద్దది ఏదైతే దానికి తగిన క్యాలిబర్ తీసుకోండి. .30-06తో స్ప్రింగ్‌బాక్‌ను కొట్టొచ్చు, గట్టి బుల్లెట్ అయితే మాంసం కూడా పెద్దగా పాడవదు. .243తో ఎలాండ్ మీదికి వెళ్లడం మాత్రం తప్పు. వైల్డ్‌బీస్ట్‌ను తక్కువ అంచనా వేయకండి. దానికి అక్కడివాళ్లు పెట్టిన పేరు "పేదవాడి అడవిదున్న". సరైన చోట తగలకపోతే ఎంత దూరమైనా పరుగెత్తుతుంది.

2. చట్టం అడిగే శక్తి లెక్క వేయండి

నమీబియాలో బ్యారెల్ నుంచి బయటకు వచ్చేటప్పుడు బుల్లెట్‌కు ఎంత శక్తి ఉండాలో చట్టమే చెబుతుంది. స్ప్రింగ్‌బాక్ లాంటివాటికి కనీసం 1,350 జౌల్స్. కుడు, జెమ్స్‌బాక్, వైల్డ్‌బీస్ట్, ఎలాండ్‌లకు 2,700. అడవిదున్నకు, ఏనుగుకు 5,400.

లెక్క కష్టం కాదు. సెకనుకు ఎన్ని మీటర్లో ఆ వేగాన్ని దానితోనే గుణించి, కిలోల్లో బుల్లెట్ బరువుతో మళ్లీ గుణించి, సగం చేయాలి. .30-06లో 180 గ్రెయిన్ల బుల్లెట్ అంటే 11.66 గ్రాములు, వేగం సుమారు 823 మీటర్లు. శక్తి 3,950 జౌల్స్ దాకా వస్తుంది, బోలెడంత. అమెరికాలో జింకలకు చాలామంది వాడే .243 చూడండి. 100 గ్రెయిన్లు, అంటే 6.48 గ్రాములు, 902 మీటర్ల వేగం. వచ్చేది సుమారు 2,640. కుడుకు కావలసిన దానికి 60 జౌల్స్ తక్కువ. ఇంటి దగ్గర చక్కగా పనిచేసిన రైఫిల్ అక్కడ చట్టం ముందు ఆగిపోతుందన్నమాట. మీ తూటాల పెట్టె మీద రాసి ఉన్న వేగంతో ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

3. మీ భుజం ఎంత తట్టుకుంటుందో నిజాయితీగా చూసుకోండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

నా మొదటి నమీబియా ప్రయాణానికి .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ కొన్నాను. పెద్ద జంతువులు కదా, పెద్ద తూటా అయితే ధైర్యంగా ఉంటుందనుకున్నాను. రేంజ్‌లో బెంచీ మీద ఆన్చి కాలిస్తే బుల్లెట్లన్నీ ఒకేచోట పడేవి. కానీ పదిహేను తూటాలయ్యేసరికి భుజం కమిలిపోయేది. ట్రిగ్గర్ నొక్కేముందే కన్ను మూసుకుపోవడం, భుజం ముందుకు తోయడం మొదలయ్యాయని నాకు తెలియలేదు.

అక్కడ 120 మీటర్ల దూరంలో జెమ్స్‌బాక్ పక్కకు తిరిగి నిలబడింది. అంత తేలికైన షాట్ మళ్లీ దొరకదు. నా బుల్లెట్ పొట్టలో తగిలింది. ఆరు గంటలు దాని అడుగుల వెంట నడిచాం. ట్రాకర్ వంగి నడుస్తూ, గడ్డిపరక మీద ఆవగింజంత రక్తపు బొట్టును పుల్లతో చూపించేవాడు. అందులో పచ్చటి పసరు కలిసి ఉంది. ఆ పసరు చూశాక మాలో ఎవరూ మాట్లాడలేదు. పొద్దు వాలుతుండగా ఒక ముళ్లచెట్టు కింద పడుకుని కనిపించింది, తల ఇంకా ఎత్తే ఉంచింది. "మీరే ముగించండి" అన్నాడు పీహెచ్. ఆ జంతువు ఆ రోజంతా పడ్డ బాధకు కారణం నేను ఎంచుకున్న క్యాలిబర్, దాన్ని మోయలేని నా భుజం. ఆ రైఫిల్‌ను తర్వాత అమ్మేశాను.

మీ సంగతి తెలుసుకోవడానికి ఒక మంచి పద్ధతి ఉంది. స్నేహితుడికి ఐదు అసలు తూటాలు, రెండు మూడు పేలని డమ్మీలు ఇచ్చి, మీకు కనబడకుండా ఒక్కొక్కటే రైఫిల్‌లో పెట్టమనండి. డమ్మీ వచ్చినప్పుడు కూడా బ్యారెల్ కిందికి కుంగితే, రైఫిల్ వెనక్కి తన్ని భుజానికి కొట్టే దెబ్బకు ముందే మీరు ఉలిక్కిపడుతున్నట్టు. అప్పుడు క్యాలిబర్ ఒక మెట్టు దిగండి. .30-06 నుంచి .308కి దిగితే మీరు పోగొట్టుకునేది చాలా కొద్దిగానే.

4. ఇప్పుడు క్యాలిబర్

మొదటిసారి వెళ్లేవారికి నా సలహా .308 విన్‌చెస్టర్ లేదా .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్. రెండోది 1906 నాటిది, ఇప్పటికీ దీనికి వంక పెట్టలేం. ఎలాండ్ తప్ప మిగతావన్నీ రెండింటికీ లొంగుతాయి. మంచి బుల్లెట్ వేసుకుని దగ్గరికి వెళ్తే ఎలాండ్ కూడా.

భుజానికి దెబ్బ తక్కువ కావాలంటే 7×57 మౌజర్, .270 విన్‌చెస్టర్ ఉన్నాయి. 7×57 1892లో వచ్చింది. డబ్ల్యూ.డి.ఎం. బెల్ అనే స్కాట్లాండ్ వేటగాడు దీనితోనే ఎన్నో ఏనుగులను పడగొట్టాడు. అందుకోసం ఏనుగు పుర్రెలను కోసి, మెదడు ఎక్కడుంటుందో చూసి నేర్చుకున్నాడు. 6.5 క్రీడ్‌మోర్ కుడు దాకా పర్వాలేదు, దాంతో ఎలాండ్ జోలికి వెళ్లకండి. కలహారీ లాంటి బయలు ప్రదేశంలో 250-300 మీటర్ల షాట్లు తప్పవు. మీ భుజం నిజంగా తట్టుకుంటే అక్కడ .300 మాగ్నమ్ పనికొస్తుంది. ఎలాండ్‌తోపాటు అడవిదున్న కూడా జాబితాలో ఉంటే 1912 నాటి .375 హెచ్ అండ్ హెచ్ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. జాబితా ఇంపాలా, కుడు దగ్గరే ఆగితే దాన్ని అంత దూరం మోసుకెళ్లక్కర్లేదు.

5. బుల్లెట్ మీద డబ్బు ఆదా చేయకండి

1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో జాన్ నాస్లర్ అనే వేటగాడు బురద గట్టిపడిన చర్మంతో ఉన్న మూస్‌ను, అంటే అక్కడి భారీ దుప్పిని, కొట్టాడు. అప్పటి బుల్లెట్లు లోపలికి దిగకుండా పైనే చితికిపోయాయి. ఆ అనుభవంతోనే ఆయన మధ్యలో అడ్డుగోడ ఉండే పార్టిషన్ బుల్లెట్ తయారుచేశాడు. ముందు సగం విచ్చుకున్నా వెనక సగం లోపలికి దూసుకెళ్తుంది. జెమ్స్‌బాక్ మెడ, భుజాల దగ్గర చర్మం చాలా మందం కాబట్టి ఈ విషయం అక్కడ చాలా ముఖ్యం.

పార్టిషన్, స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్, పూర్తిగా రాగితో చేసే బార్న్స్ లాంటివి తీసుకోండి. నేను .30-06తో కొట్టిన ఒక కుడు చర్మం ఒలుస్తుంటే అవతలి భుజం చర్మం కింద గట్టిగా ఒక ముద్ద తగిలింది. కత్తి మొనతో గీరితే రాగి బుల్లెట్ బయటపడింది, నాలుగు రేకులూ పువ్వులా వెనక్కి విచ్చుకుని ఉన్నాయి. క్యాంపులో తూచాం. 180 గ్రెయిన్లలో 176 మిగిలాయి. రెండు భుజాల మధ్య ఉన్నదంతా దాటి వచ్చిన ముక్క అది.

6. స్టిక్స్ మీద సాధన, గురి పెట్టే చోటు

అక్కడ బెంచీ ఉండదు. మూడు కర్రలు కట్టిన షూటింగ్ స్టిక్స్ మీద ఆన్చి, నిలబడి కాల్చాలి. ప్రయాణానికి రెండు మూడు నెలల ముందు నుంచే వాటి మీద సాధన చేయండి. 100 మీటర్లలో చిన్న టిఫిన్ ప్లేటును వరుసగా కొట్టగలిగితే మీరు సిద్ధం.

అమెరికా జింకల వేటలో అలవాటైన "భుజం వెనక" అనే గురిని అక్కడ మర్చిపోండి. ఆఫ్రికా జంతువుల గుండె, ఊపిరితిత్తులు ఇంకా ముందుకు, కిందికి ఉంటాయి. ముందుకాలి గీత వెంటే పైకి వెళ్లి, శరీరం ఎత్తులో మూడోవంతు దగ్గర ఆగండి. జీబ్రాకు భుజం మీద చారలు త్రికోణంలా కలిసేచోటు గురికి గుర్తు. ఒక్క బొట్టు రక్తం కారినా, జంతువు దొరక్కపోయినా, ట్రోఫీ ఫీజు, అంటే ఆ జంతువుకు కట్టే రుసుము, మొత్తం కట్టాల్సిందేనన్నది అక్కడి కట్టుబాటు.

7. కాగితాలు, విమానం

దక్షిణాఫ్రికాలో అక్కడి పోలీసు శాఖ ఎస్ఏపీఎస్ 520 ఫారంతో తాత్కాలిక అనుమతి తీసుకోవాలి. ఒక రైఫిల్‌కు 200 తూటాలకు మించి ఒప్పుకోరు, సెమీ ఆటోమేటిక్ రైఫిల్ తేవద్దు. విమానంలో తూటాలకు సాధారణంగా 5 కిలోల పరిమితి ఉంటుంది. అరుదైన క్యాలిబర్లు వద్దనడానికి ఇదీ ఒక కారణం. తూటాల పెట్టె దారిలో తప్పిపోతే .308, .30-06 ఊళ్లో దుకాణంలోనో పీహెచ్ దగ్గరో దొరికే అవకాశం ఎక్కువ. ఈ టెన్షన్ అంతా వద్దనుకుంటే క్యాంపు రైఫిల్ అద్దెకు తీసుకోవచ్చు. ముందుగానే క్యాలిబర్ అడిగి, ఇక్కడ అదే క్యాలిబర్‌తో సాధన చేయండి.

క్యాంపుకు చేరిన మొదటి సాయంత్రమే మూడు తూటాలు కాల్చి చూడండి, ప్రయాణంలో స్కోప్ కదిలి ఉండొచ్చు. .30-06 బుల్లెట్లు 100 మీటర్లలో గురికి రెండు అంగుళాలు పైన పడితే 200 మీటర్లలో దాదాపు గురిమీదే ఉంటాయి. తర్వాత స్టిక్స్ మీద ఒకటి రెండు షాట్లు పీహెచ్ చూస్తుండగా కాల్చండి. ఎంత దూరం దాకా మిమ్మల్ని కాల్చనివ్వాలో ఆయన అప్పుడే నిర్ణయించుకుంటాడు.