నాన్న పోయారని ఫోన్ వస్తే ఏం చేయాలి

ఫోన్ చేసినవాళ్లు ఏడుస్తుంటారు, మీకు సగం మాటలే అర్థమవుతాయి. ఆ ఫోన్ పెట్టేసి, ఇంటి దగ్గర కాస్త నిబ్బరంగా ఉన్న మనిషికి, బాబాయో మేనమామో పక్కింటాయనో, మీరే చేయండి. ఎక్కడ పోయారు, అమ్మ పక్కన ఎవరున్నారు, మీరు వచ్చేదాకా ఆపుతారా, ఇవి కనుక్కుంటే చాలు. "బాబాయ్, రేపు పొద్దునకల్లా వచ్చేస్తాను, అప్పటిదాకా ఉంచండి, ఫ్రీజర్ బాక్స్ డబ్బులు ఇప్పుడే పంపిస్తాను" అని తేల్చి చెప్పండి. మీ నుంచి మాట రాకపోతే పొద్దుగూకేలోపు కానిచ్చేద్దామని పెద్దవాళ్లు తొందరపడతారు, అందులో వాళ్ల తప్పు కూడా లేదు.

కళ్లు దానం చేయాలన్నది ఆయన కోరికైతే ఆ మాట కూడా ఇదే ఫోన్‌లో చెప్పేయండి, ఆరు గంటల్లోపు తీసుకోవాలి. ఐ బ్యాంక్ వాళ్లు వచ్చేదాకా రెప్పలు మూసి, వాటిపైన తడి దూది పెట్టి, ఫ్యాన్ ఆపి, తల కింద దిండు పెట్టమనండి. హైదరాబాద్‌లో అయితే ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్ల ఐ బ్యాంక్ ఉంది.

ఇక ప్రయాణం. బెంగళూరు నుంచి కడపైనా, హైదరాబాద్ నుంచి శ్రీకాకుళమైనా, మీరు మాత్రం కారు నడపొద్దు. నేను బాగానే ఉన్నాను, నడపగలను అనిపిస్తుంది, అయినా వద్దు, డ్రైవర్‌ని పెట్టుకోండి, లేదంటే ఒక స్నేహితుణ్ణి లాక్కెళ్లండి. తత్కాల్ ముందురోజే తెరుచుకుంటుంది (ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి), ఈ రాత్రి బండికి అది పనికిరాదు, కాబట్టి కరెంట్ బుకింగ్ (చార్ట్ తయారయ్యాక మిగిలిన సీట్లు), బస్సులు చూడండి. ఆ వెతకడం కూడా మీరు చేయకండి, ఇంకొకరికి అప్పజెప్పి బ్యాగు సర్దుకోండి: ఆధార్, చార్జర్, మీరు వేసుకునే మందులు, నాలుగు జతల బట్టలు, కొంత నగదు. కట్టెలకీ బండికీ డప్పులవాళ్లకీ అందరికీ ఫోన్‌పే చేయడం కుదరదు. ఆఫీసుకి ఒక్క లైను మెసేజ్ చాలు, అంతకంటే వివరణ ఎవరికీ బాకీ లేరు.

అమెరికాలో ఉన్నవాళ్లు టికెట్ కొనేముందు ఒక్క పది నిమిషాలు ఆగండి. పాస్‌పోర్టులో హెచ్‌1బీ (ఉద్యోగ వీసా) స్టాంపింగ్ గడువు దాటిపోయి ఉంటే రావడానికి అడ్డేమీ లేదు కానీ తిరిగి వెళ్లాలంటే మామూలుగా కాన్సులేట్‌లో స్టాంపింగ్ అయ్యాకే. గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తూ, హెచ్‌1 లాంటి స్టేటస్ లేకుండా ఉన్నవాళ్లు అడ్వాన్స్ పెరోల్ (బయటికెళ్లి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) తీసుకోకుండా దేశం దాటితే ఆ దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేది) లేని అమెరికా పౌరులకు ఇలాంటప్పుడు భారత కాన్సులేట్‌లు ఎమర్జెన్సీ వీసా ఇస్తాయి. ఇవన్నీ చూశాక చివరిచూపు అందదని తేలితే, వీడియో కాల్‌లో చూసి దండం పెట్టుకుని పెద్దకర్మకు రండి. ఊళ్లో నలుగురూ నాలుగు మాటలు అంటారు, అననివ్వండి.

ప్రమాదమైనా, కారణం తెలియని చావైనా పోలీసులు పంచనామా, పోస్ట్‌మార్టం చేయిస్తారు. "కొయ్యనివ్వం" అని బంధువులు గొడవకు దిగితే మీరే సర్దిచెప్పాలి, ఎందుకంటే రేపు ప్రమాద బీమా అడిగితే ముందు కావాల్సినవి ఎఫ్‌ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టే.

ఊరు చేరాక ఆ మొదటి రెండు రోజులు మీ మీద పడే ప్రశ్నల్లో చాలావాటికి తొందరేమీ లేదు. పొలం ఎవరు చూస్తారు, బంగారం ఎక్కడుంది, అమ్మ ఎవరి దగ్గర ఉంటుంది, అన్నిటికీ "పెద్దకర్మ అయ్యాక మాట్లాడదాం పెదనాన్నా" అన్న ఒక్క జవాబు పెట్టుకోండి. నిజంగా తొందరున్నవి వేరే ఉంటాయి, వాటిని ఎవరూ గుర్తుచేయరు. అమ్మ బీపీ మాత్రలు వేసుకుందా? ఇల్లంతా జనం, ఆవిడ ముందు కాఫీ గ్లాసు పెట్టి వెళ్లిపోతారు, అది అలాగే చల్లారిపోతుంది. మాత్రల డబ్బా తెలిసిన ఒక ఆడపడుచు చేతికిచ్చి పూటకోసారి వేయించమని చెప్పండి.

రెండోది నాన్న ఫోన్. సిమ్ ఆపొద్దు, రీచార్జ్ చేయించి చార్జింగ్‌లో పెట్టి మీ దగ్గర ఉంచుకోండి, కరెంటు బిల్లు దగ్గర్నుంచి అన్నిటి మెసేజ్‌లూ ఆ నంబరుకే వస్తాయి. అలాగని ఆయన ఏటీఎం కార్డుతో ఖర్చులకు డబ్బు తీయకండి, మీరు నామినీ అయినా సరే, తర్వాత మిగతా వారసులతోనూ బ్యాంకుతోనూ తలనొప్పి. పద్ధతిగా క్లెయిమ్ పెడితే నామినీ ఉన్న ఖాతాని, కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో పరిష్కరించాలని ఆర్‌బీఐ నిబంధన. నామినీ అంటే డబ్బు చేతికందుకునే మనిషే, సొంతదారు కాదు, ఈ ముక్క అన్నదమ్ములు ముందే తెలుసుకుంటే సగం తగాదాలుండవు.

మరణ నమోదు 21 రోజుల్లో చేయించాలి. ఆస్పత్రిలో పోతే వాళ్లే పంపుతారు, పంపారో లేదో మీరు అడగాలి. ఇంట్లో పోతే పల్లెలో పంచాయతీ కార్యదర్శికి, పట్నంలో మున్సిపాలిటీకి మీరే చెప్పాలి, శ్మశానంలో రసీదు ఇస్తే దాచండి. ఏడాది దాటిందంటే మేజిస్ట్రేట్ ఆర్డర్ దాకా వెళ్లాలి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉంటే ప్రతి కౌంటర్ దగ్గరా అఫిడవిట్ అడుగుతారు. మరణ ధ్రువపత్రం ఓ పది కాపీలు పెట్టుకోండి.

పెద్దకర్మ అయ్యి జనం పలచబడ్డాక బీరువా తెరవండి. రబ్బరు బ్యాండు వేసిన పాలిథిన్ కవరొకటి ఉంటుంది, పట్టాదార్ పాస్‌బుక్, ఎల్‌ఐసీ బాండ్లు, గ్యాస్ బుక్కు, ఎప్పటివో ఎరువుల బిల్లులు అన్నీ అందులోనే. బ్యాంకు పాస్‌బుక్‌లో మే నెలాఖరు దగ్గర 436, 20 రూపాయల కోతలు కనిపిస్తే వదలకండి, మొదటిది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, ఏ కారణంతో పోయినా 2 లక్షలు (55 ఏళ్ల వరకే), రెండోది ప్రధానమంత్రి సురక్ష బీమా, ప్రమాద మరణమైతే 2 లక్షలు (70 ఏళ్ల వరకు). ఉద్యోగంలో ఉండగా పోతే పీఎఫ్‌తోపాటు ఈడీఎల్‌ఐ బీమా గరిష్ఠంగా 7 లక్షల వరకు ఉంటుంది, చాలా ఇళ్లలో దీని పేరే వినరు. తెలంగాణలో 59 ఏళ్లలోపు పట్టాదారు రైతైతే రైతు బీమా 5 లక్షలు, మీ ఏఈవోని (వ్యవసాయ విస్తరణ అధికారిని) కలవండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు కూడా ఇప్పుడే పెట్టేయండి, అది రావడానికి టైమ్ పడుతుంది. సిబిల్ (అప్పుల చరిత్ర స్కోరు) పాడవుతుందని భయం చూపించి మీ జేబులోంచి కట్టించుకోవాలని చూసే లోన్ ఏజెంట్లతో ఫోన్‌లో ఏమీ ఒప్పుకోకండి. మీరు హామీ సంతకం పెట్టకపోతే నాన్న అప్పు ఆయన వదిలివెళ్లిన ఆస్తి మేరకే.

మరి మీరెప్పుడు ఏడుస్తారు? పనుల్లో ఉన్నన్నాళ్లూ కన్నీళ్లు రాకపోవచ్చు, నాకేమైంది, రాయినైపోయానా అనుకోకండి. తిరిగి ఆఫీసుకెళ్లాక ఏ మీటింగ్ మధ్యలోనో, ఆయన రోజూ ఫోన్ చేసే టైముకో తన్నుకొస్తుంది. లేచి బయటికెళ్లండి, అంతే. వారాలు గడిచినా నిద్రా తిండీ సరిగా లేకపోతే డాక్టర్ని కలవండి, 14416 టెలీమానస్‌లో (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. అమ్మను వెంటనే మీ ఫ్లాట్‌కి తీసుకొచ్చేయాలని పట్టుబట్టొద్దు, ఆవిడ మనుషులంతా ఆ వీధిలోనే ఉన్నారు. మాసికాల తేదీలు పంతులుగారిని అడిగి రాసుకుని, రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి వచ్చే రెండిటికీ టికెట్లు ఇప్పుడే చేయించి, ఏ రోజు వస్తారో అమ్మకు చెప్పి బయలుదేరండి.