సర్క్యులర్ లేకుండా స్టాఫ్‌తో పొదుపు చేయించడం

ఆఫీసులో కరెంటూ కాగితమూ పొదుపు చేయించాలంటే, ముందుగా సర్క్యులర్ పంపకండి. విశాఖలో ఒక యూనివర్సిటీలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. ‘విద్యుత్ పొదుపు చేయవలెను’ అన్న కాగితాన్ని ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకున్నవాళ్లే గానీ పాటించినవాళ్లు నాకు కనబడలేదు.

మనుషుల జోలికి వెళ్లకుండా సెట్టింగులు మార్చండి. ప్రింటర్‌లో రెండువైపులా ప్రింట్ అయ్యేలా డిఫాల్ట్ పెట్టేయండి. ఒకవైపే కావాలనుకున్నవాళ్లు మార్చుకుంటారు, చాలామంది మార్చరు. స్క్రీన్ సేవర్ తీసేయండి, దానివల్ల కరెంటు మిగలదు. కాసేపు ముట్టకపోతే మానిటర్ ఆగిపోయేలా పెట్టండి. పరీక్షల విభాగంలో మాత్రం అడక్కుండా ఏదీ ముట్టుకోకండి. ఫలితాలిచ్చే రోజు సిస్టమ్ నిద్రపోయిందంటే ఇక మీ మాట ఎవరూ వినరు.

ఏసీ దగ్గర ఓపిక పట్టాలి. 2020 నుంచి స్టార్ రేటింగ్ ఉన్న కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలవుతాయి, మనవాళ్లు రిమోట్ తీసి 18 చేస్తారు. మే నెల ఉక్కపోతలో వాళ్లని తప్పుపట్టలేం. 26 పెట్టి, సీలింగ్ ఫ్యాన్ వేసి, ఓ గంట కూర్చోమనండి. సాయంత్రం తాళాలు వేసే అటెండర్‌ని “బాబాయ్, వెళ్లేటప్పుడు మెయిన్ కూడా ఓసారి చూడు” అని అడగండి. ప్రొఫెసర్లకి చెప్పడం కన్నా అదే పనికొస్తుంది.

అసలు చిక్కంతా పాత సామానుతోనే. చచ్చిపోయిన సీపీయూలు బీరువా వెనక పేరుకోవడానికి కారణం బద్ధకం కాదు, స్టాక్ రిజిస్టర్. ఎవరి సంతకం మీద వస్తువుంటే ఆడిట్‌లో వాళ్లే జవాబు చెప్పుకోవాలి. రిటైర్మెంట్ దగ్గరపడినవాళ్లకి ఇది మరీ టెన్షన్. అందుకని ఈ-వ్యర్థాల మీద క్లాసు పీకకుండా, కండెమ్ చేయాల్సినవాటి, అంటే పనికిరావని తేల్చి రిజిస్టర్లోంచి తీసేయాల్సినవాటి జాబితా మీరే రాసి, అది తేల్చే కమిటీ తేదీ వేయించి, సంతకాలకి మీరే తిరగండి.

జాబితాలో ఎక్కించేముందు ఒక్కోదాన్నీ తెరిచి చూడండి. మన సముద్రపు గాలికి కాంటాక్టులు చిలుము పడతాయి, ర్యామ్ తీసి తుడిచి పెడితే లేచి కూర్చునేవి ఉంటాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి కొత్తవి కావాలని ఇండెంట్లు (కొనమని అడిగే కాగితాలు) వస్తాయి. టైపింగ్‌కీ మెయిల్‌కీ మాత్రమే వాడేవాటిలో ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) వేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించి చూపించండి.

నిజంగా పోయినవాటిని పాత ఇనుము వేలంలో కలపకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం రిజిస్టరైన రీసైక్లర్‌కో, రిఫర్బిషర్‌కో (బాగుచేసి మళ్లీ వాడకంలోకి తెచ్చేవాళ్లు), తయారీదారుకో మాత్రమే ఇవ్వాలి. యూపీఎస్ బ్యాటరీలకి నియమాలు వేరు, వాటిని విడిగా పెట్టండి. రసీదు కాపీ ఆ సెక్షన్ రిజిస్టర్లో అంటించి రండి. మరుసటి వారం పక్క సెక్షన్ సూపరింటెండెంటే ఫోన్ చేస్తారు, “మావి ఎప్పుడు తీసుకెళ్తారు?” అని.