చచ్చిన కోడిపిల్లలో బర్సా చూడటం ఎలా

షెడ్డులో పిల్ల చచ్చిందంటే చాలామందిమి పొట్ట కోసి, పేగులూ కార్జమూ చూసి గోతిలో పడేస్తాం. నేనూ అంతే. ఒక బ్యాచ్‌కి కొక్కెర తెగులు టీకా లసోటా రెండుసార్లు తాగించినా 30వ రోజున అదే తెగులు పడింది. మందు మంచిది కాదని డీలర్‌తో గొడవపడ్డాను. పశువుల డాక్టరు వచ్చి, నేను పారేసిన పిల్లనే తీసి, రెట్ట వేసే చోటుకి పైన కోసి సెనగగింజంత ముద్ద చూపించారు. "ఇది రేగుపండంత ఉండాలమ్మా, గంబోరో వైరస్ ఎప్పుడో తినేసింది" అన్నారు.

అదే బర్సా. మన కాలికి దెబ్బ తగిలితే గజ్జలో బిళ్ల కడుతుంది కదా, అలాంటి బిళ్లలు కోడికి ఉండవు. రోగంతో పోరాడే కణాలు బర్సాలోనూ, మెడలోని థైమస్‌లోనూ తయారవుతాయి. గుడ్డు పొదుగులో ఉండగానే, దాదాపు 8వ రోజు నుంచి కణాలు బర్సాకి చేరడం మొదలవుతుంది. రోగాన్ని అడ్డుకునే యాంటీబాడీలు తయారుచేసే బి కణాల పేరులోని 'బి' ఈ బర్సాదే. అమెరికాలో గ్లిక్ అనే ఆయన చిన్నప్పుడే బర్సా తీసేసిన కోళ్లలో యాంటీబాడీలు సరిగా పుట్టలేదని 1956లో అచ్చు వేశారు. నా షెడ్డులో ఆ పని వైరస్ చేసింది. ఇక లసోటాకి స్పందించేదేది?

చూసే పద్ధతి చెప్తాను. అప్పుడే చచ్చిన పిల్ల కావాలి, ఎండలో నాలుగు గంటలు పడి ఉన్నది పనికిరాదు. గ్లౌజులు, మాస్కు వేసుకోండి. ఈకలు ఎగరకుండా నీళ్లలో ముంచి వెల్లకిలా పడుకోబెట్టండి. మెడ చర్మం నిలువునా చీలిస్తే, రక్తనాళం పక్కన పూసల దండలా పాలిపోయిన ముక్కలు వరుసగా కనిపిస్తాయి. అది థైమస్, మెడకి రెండు పక్కలా ఉంటుంది. తర్వాత పొట్ట తెరిచి కందనకాయ పైకెత్తండి. దాని దగ్గర గోధుమరంగు ఎరుపులో గుండ్రంగా ఉన్నది ప్లీహం. దాన్ని తీసి పక్కన పెట్టుకోండి, మన కొలబద్ద అదే.

ఇప్పుడు పేగులు తోక వైపుకి లాగండి. పేగు చివర, వీపు వైపున అంటుకుని ఉన్న తెల్లటి గుండ్రటి సంచి బర్సా. తొందరపడి లాగితే చిరుగుతుంది, నాకు మొదట రెండు చిరిగాయి. నాలుగు వారాల బ్రాయిలర్‌లో బర్సా ప్లీహం కంటే పెద్దగా ఉండాలి. మధ్యకి కోస్తే లోపల మడతలు మడతలుగా, మీగడ రంగులో ఉంటుంది. వాచి, పైన పసుపు జిగురు ఉన్నా, లోపల రక్తపు చుక్కలున్నా గంబోరో ఇప్పుడు నడుస్తున్నదని అనుమానించండి. ముడుచుకుపోయి ఉంటే అది వచ్చి వెళ్లిపోయి ఉండవచ్చు. తొడ కండలో రక్తపు చారలు కూడా చూడండి.

ఒక్క పిల్లతో తేల్చకండి, మూడు నాలుగైనా చూడాలి. అనుమానం వస్తే ముక్కని ఫార్మలిన్‌లో వేసి డాక్టరుకి ఇవ్వండి. గంబోరో టీకా తేదీ కూడా ఆయన్నే అడగండి: మరీ ముందు వేస్తే తల్లి నుంచి వచ్చిన రక్షణే టీకాని చంపేస్తుంది, ఆలస్యమైతే వైరస్ ముందొస్తుంది.

నేను టీకాల నోట్‌బుక్‌లో ప్రతి బ్యాచ్‌కి రాసుకుంటాను: 'రేగు', 'సెనగ', 'పెసర'. గ్రాములు తూచే ఓపిక నాకు లేదు.