7, 11, 13తో పోతుందా లేదా? 1001తో తేల్చడం ఎలా

పెన్ను, కాగితం చాలు. పెన్సిలు వద్దు, చెరిపి దిద్దేవాళ్లే ప్లస్సులు మైనస్సులు తారుమారు చేస్తారు. పదమూడో ఎక్కం మాత్రం నోటికి రావాలి.

ఒక సంఖ్య 7తో, 11తో, 13తో శేషం లేకుండా పోతుందా అనేది మూడింటికీ ఒకే దెబ్బకు తేల్చేది 1001. ఎందుకంటే 7 × 11 × 13 = 1001. వెయ్యి దానికి ఒకటి తక్కువ కాబట్టి ఈ మూడింటి లెక్కలో వెయ్యి అంటే మైనస్ ఒకటే. అందుకే వేలను తీసేయాలి, పది లక్షలను మళ్లీ కలపాలి, ఆపై మళ్లీ తీసేయాలి.

ముందు చిన్నది. మా నల్గొండ పిన్ కోడ్ 508001. మూడేసి అంకెలుగా విడగొడితే 508, 001. కుడి ముక్కలోంచి ఎడమది తీసేస్తే −507. పోతుందా లేదా అని చూడటానికే అయితే గుర్తును పట్టించుకోనక్కర్లేదు. 507 అంటే 13 × 39. కాబట్టి మా పిన్ కోడ్ 13తో పోతుంది. 7తో, 11తో పోదు.

అసలు గండం విడగొట్టడంలోనే ఉంది. గడియారం సెంటర్ చుట్టుపక్కల రూముల్లో ఉండి గ్రూప్స్‌కూ కానిస్టేబుల్‌కూ చదివే పిల్లలకు ఏళ్లుగా చెబుతున్నాను. తప్పంతా ఇక్కడే జరుగుతుంది. మన కామాలు మొదట మూడంకెలకు, తర్వాత రెండేసి అంకెలకు పడతాయి కదా. 2,45,76,790 అని కనబడగానే చెయ్యి ఆ కామాల దగ్గరే కోసేస్తుంది: 790 − 76 + 45 − 2 = 757. 7తో పోదని టిక్కు పెట్టి వస్తారు. మార్కు పోయినట్టే.

కామాలన్నీ తీసేసి 24576790 అని మళ్లీ రాయండి. కామాల మీదే గీతలు గీస్తే కన్ను మోసం చేస్తుంది, మళ్లీ రాయాల్సిందే. ఇప్పుడు కుడి చివర నుంచి కోయండి: 790, 576, 24. ఎడమ నుంచి మొదలుపెట్టి 245, 767, 90 అని కోసేవాళ్లూ ఉన్నారు, వాళ్లకో దండం. ముక్కలో సున్నాలుంటే అలాగే ఉంచండి. 001ని తొందరపడి 1 అని కోస్తే పక్క ముక్కలు కూడా జరిగిపోతాయి. సరే, 790 − 576 + 24 = 238. అంటే 7 × 34. పోతుంది!

శేషం ఎంత అని అడిగితే మాత్రం గుర్తును వదలకూడదు. −507ని 507 చేసేసి 7తో భాగిస్తే శేషం 3 వస్తుంది. ఆప్షన్లలో అదీ ఉంటుంది, టెన్షన్‌లో అదే పెట్టేస్తారు. −507కు 1001 కలపండి, 494 అవుతుంది. దాన్ని 7తో భాగిస్తే 4. అదీ జవాబు.

చివరి అంకెను రెట్టింపు చేసి మిగతా దాంట్లోంచి తీసేసే పద్ధతి ఒకటుంది, చాలామంది అదే పట్టుకుంటారు. అది 7కు మాత్రమే. ఎనిమిదంకెల సంఖ్యకైతే ఐదారు తీసివేతలు చేయాలి, అంతా చేశాక శేషమూ తెలియదు. నేనైతే చెప్పను.

జవాబు వెయ్యి దాటితే మళ్లీ ఇదే పని చేయండి. సున్నా వస్తే మూడింటితోనూ పోతుంది. 583583 లాంటివన్నీ అంతే, అది 583 × 1001.

మహబూబ్‌నగర్ వాళ్లు 509001తో చూసుకోండి. 508 తేలుతుంది, మూడింట్లో దేనికీ లొంగదు.