ఆఫీసు చొక్కా లోపల ఏ బనియన్? అమెరికాకు కొత్తగా వచ్చినవారికి

బయల్దేరేటప్పుడు సూట్‌కేసులో తెల్ల కట్ బనియన్లు డజను సర్దుకోవద్దు. మొదటి వారం గడవడానికి మూడో నాలుగో చాలు. ఇక్కడి ఆఫీసు చొక్కాల కింద అవి రెండు విధాలా సరిపోవు. చంకల దగ్గర బట్ట ఉండదు కాబట్టి చెమట నేరుగా చొక్కాకే అంటుతుంది. పలచటి లేత రంగు చొక్కాలోంచి భుజాల మీది పట్టీలు, వీపు మీది కోత స్పష్టంగా కనిపిస్తాయి. మన ఊళ్లో బనియన్ గీత కనబడితే ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ ఆఫీసుల్లో అది కనబడకుండా ఉంటేనే బాగుంటుంది. కాబట్టి కొనాల్సింది చంకలు పూర్తిగా కప్పే, పొట్టి చేతులున్న బనియన్. స్వెటరు కిందకీ, ఇంట్లో వేసుకోవడానికీ కట్ బనియన్ నిక్షేపంగా పనికొస్తుంది.

ఎక్కువమంది పొరబడేది రంగు దగ్గర. తెల్ల చొక్కా కింద తెల్ల బనియన్ అయితే కలిసిపోతుందనుకుంటారు, కానీ అదే అన్నిటికంటే ఎక్కువ కనబడుతుంది. పలచటి బట్టలోంచి లోపలికి వెళ్లిన వెలుతురు తెల్ల బనియన్ మీద పడి తిరిగి బయటికొస్తుంది. పక్కనే ఉన్న చామనఛాయ ఒళ్లు ముదురుగా కనిపిస్తుంది. ఆ తేడా వల్లే జబ్బల మీద, మెడ కింద గీత తేలుతుంది. ఒంటి రంగుకు దగ్గరగా ఉన్న గోధుమ రంగు దొరికితే అదే మేలు. దొరక్కపోతే మధ్యరకం బూడిద రంగు తీసుకోండి, అది దాదాపు ప్రతి షాపులోనూ ఉంటుంది. ఒంటి రంగని చెప్పి అమ్మే లేత బేజ్ రంగు తెల్లవాళ్ల చర్మానికి సరిపోయేదే ఎక్కువ. మన ఒంటి మీద అదీ తెలుపులాగే తేలుతుంది. కొన్నాక చొక్కా వేసుకుని పగటి వెలుగులో కిటికీ దగ్గర నిలబడి, ముందూ వెనకా ఫోటో తీయించుకుని చూడండి. బాత్రూం బల్బు వెలుగులో సరిగ్గా తెలియదు. నలుపు, నేవీ బ్లూ చొక్కాల కింద ఏ రంగు వేసినా ఫర్వాలేదు. మందంగా ఉండే ఆక్స్‌ఫర్డ్ బట్ట కింద కూడా అంతగా బయటపడదు. పలచగా ఉండే పాప్లిన్ బట్ట చొక్కాలతోనే జాగ్రత్త. ఇక్కడ దాన్ని బ్రాడ్‌క్లాత్ అని కూడా అంటారు.

మెడ సంగతి తేలిక. టై కట్టుకుంటే రౌండ్ నెక్, పై గుండీ వదిలేస్తే వీ నెక్. టై కట్టే రోజులు తక్కువే కాబట్టి వీ నెక్‌వే కొనుక్కోండి, టై కింద కూడా అవి పనికొస్తాయి. రెండు గుండీలు వదిలే అలవాటుంటే వీ మరింత లోతుగా ఉండాలి.

సైజు దగ్గర లెక్క మారుతుంది. మన బనియన్ మీద ఉండే 85, 90, 95 అంకెలు ఛాతీ కొలత, సెంటీమీటర్లలో. ఇక్కడ ఛాతీ అంగుళాల్లో చూసి అక్షరాలు వేస్తారు. సాధారణంగా ఎస్ అంటే 34 నుంచి 36, ఎం అంటే 38 నుంచి 40, ఎల్ అంటే 42 నుంచి 44. అంటే 90 వేసుకునేవారికి ఎస్, 95 లేదా 100 వారికి ఎం, 105 వారికి ఎల్. ఇండియాలో ఎల్ టీషర్టు వేసుకున్నాం కదా అని ఇక్కడా ఎల్ తీసుకుంటే చాలామందికి వదులవుతుంది. వదులు బనియన్ నడుం దగ్గర ముడతలుపడి, టక్ చేసిన చొక్కాను ఉబ్బిస్తుంది. ఒంటికి అంటుకుని ఉండాలి, ఊపిరి పీల్చినప్పుడు మాత్రం బిగుసుకోకూడదు. పొడవు బెల్టు కిందికి కనీసం నాలుగు అంగుళాలు రావాలి, లేకపోతే కుర్చీలో రెండుసార్లు లేచి కూర్చునేసరికి పైకి వచ్చేస్తుంది. చేతులు మోచేతికి బాగా పైనే ఆగాలి, హాఫ్ హ్యాండ్స్ చొక్కా కిందనుంచి తొంగిచూడకూడదు. జంధ్యం ఉన్నవారికి బనియన్ వల్ల ఇంకో మేలుంది, పలచటి చొక్కాలోంచి దారం కనబడదు.

బట్ట ఎంపిక ఊరిని బట్టి ఉంటుంది. నూరు శాతం కాటన్ చవక, ఒంటికి హాయి. కానీ చెమటను పీల్చుకుని త్వరగా ఆరదు. డాలస్ ఎండలో పార్కింగ్ నుంచి నడిచొచ్చి చల్లటి ఏసీలో కూర్చుంటే ఆ తడి వీపు మీదే చల్లబడి వణికిస్తుంది. అలాంటిచోట మోడల్ (చెక్క గుజ్జుతో చేసే మెత్తటి నూలు) కలిసిన కాటనో, యూనిక్లో కంపెనీ ఎయిరిజం లాంటి పలచటి సింథటిక్ రకమో నయం. సింథటిక్‌కు ఒక లోపముంది: వాసన పట్టేస్తుంది. ఒక్కసారి వేసుకున్నాక ఉతకాల్సిందే. చికాగో, న్యూజెర్సీ చలికి భయపడి మందపాటి థర్మల్ వేసుకుని ఆఫీసుకు వెళ్లకండి. లోపల హీటర్ ఉంటుంది, చొక్కా కింద థర్మల్‌ను అక్కడ విప్పలేరు. పలచటి బనియన్, పైన స్వెటరు, ఆపైన కోటు వేసుకుంటే ఎంత కావాలంటే అంత తీసేయవచ్చు.

చంకల దగ్గర పడే పసుపు మరకకు చెమట ఒక్కటే కారణం కాదు. చెమట పట్టకుండా చంకల్లో రాసుకునే యాంటీపర్స్పిరెంట్‌లోని అల్యూమినియం లవణాలు చెమటతో కలిసి బట్టకు పట్టేస్తాయి. డియోడరెంట్ అని మాత్రమే రాసి ఉన్నవాటిలో సాధారణంగా అల్యూమినియం ఉండదు. అవి వాసన తగ్గిస్తాయి గానీ చెమటను ఆపవు. డబ్బా మీద చదివి కొనండి. యాంటీపర్స్పిరెంట్ రాత్రి పడుకునే ముందు పొడి ఒంటికి రాస్తే బాగా పనిచేస్తుంది, పొద్దున బట్టకు అంటేదీ తక్కువ. మరకపడితే క్లోరిన్ బ్లీచ్ పోయకండి, పసుపు ఇంకా ముదురుతుంది. ఆక్సిజన్ బ్లీచ్ పొడి గోరువెచ్చటి నీళ్లలో కలిపి కొన్ని గంటలు నానబెట్టి ఉతకండి. మరక పోయిందని చూసుకున్నాకే డ్రయర్‌లో వేయండి, వేడికి మిగిలిన మరక గట్టిపడుతుంది.

ఆ డ్రయరే కాటన్ బనియన్లకు పెద్ద శత్రువు. తీగ మీద ఆరేసే అలవాటున్న మనకు ఇది తట్టదు. ఎక్కువ వేడిలో తిరిగితే కాటన్ ముడుచుకుంటుంది, ముఖ్యంగా పొడవు తగ్గుతుంది. సరిపోయిందనుకున్న బనియన్ నడుం మీదికి వచ్చేస్తుంది. తక్కువ వేడి పెట్టి, కొంచెం తడి ఉండగానే తీసి ఇంట్లో స్టాండు మీద ఆరేయండి. చాలా అపార్ట్‌మెంట్లలో బాల్కనీలో బట్టలు ఆరేయనివ్వరు.

ముందు ఒకటే ప్యాకెట్ కొని, ఒకటి ఉతికి ఆరబెట్టి వేసుకుని చూశాక మిగతావి కొనండి. విప్పిన లోదుస్తుల ప్యాకెట్ చాలా షాపులు వాపసు తీసుకోవు. వారానికోసారి ఉతికేవారికి ఎనిమిది సరిపోతాయి. రేటు చీటీ మీద ఉన్నదానికి చాలా రాష్ట్రాల్లో బిల్లులో పన్ను కలుస్తుంది. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో మామూలు బట్టలకు ఆ పన్ను లేదు. టెక్సస్‌లో ఉంది గానీ, ఆగస్టులో ఒక వారాంతం 100 డాలర్ల లోపు బట్టల మీద మినహాయిస్తారు. అవసరమైనవి నాలుగు ఇప్పుడు కొని, మిగతా నాలుగు అప్పుడు తీసుకోవచ్చు.